ఉప్పురాయికి ఉద్వాసన

1984 జూన్ 11, సోమవారం, ఉదయం ఆరూ ముప్పావుకు మా గేదె నాలుక పొరుగింటి వంటగదిలోకి వచ్చింది. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఆ ఇంటి రేడియో. పొరుగింటావిడ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ప్రాంతీయ వార్తలు మొదలయ్యాయి. మొదటి వాక్యం పూర్తయ్యేలోపు గోడలోంచి ఒక రాయి జారి ఆమె గిన్నెల పక్కన పడింది. రాయి పోయిన చోటి నుంచి నల్లని నాలుక ఒకటి బయటికి వచ్చి, గోడ అంచును అటువైపు కూడా నాకి, వెనక్కి వెళ్లింది.

ఆమె మాకు బంధువు కాదు. అయినా నేను అత్తా అని పిలిచేవాణ్ణి. అందువల్ల మా అమ్మకు వదిన, మా నాన్నకు అక్క అయింది. ఆమె రేడియో కట్టేసి మా గొడ్లచావిట్లోకి వచ్చింది.

"ఏమే వదినా, మీ గేదె మా ఇంట్లోకొచ్చింది."

మా అమ్మ పాలు పితుకుతూ ఉంది. తల ఎత్తకుండానే అంది: "ఇక్కడే ఉందిగా వదినా. నేను దాని కిందే కూచున్నా."

"నువ్వు కూచుంది ఎనకమాల. ముందరభాగం మా పొయ్యికాడుంది."

మా అమ్మ లేచి చూసింది. గేదె తలను ఆ కంతకు ఆనించి, కొమ్ముతో పక్కరాయిని కదిలిస్తూ, మధ్యలోని మట్టిని శ్రద్ధగా నాకుతున్నది.

ఇక్కడ ఆ గోడ గురించి చెప్పాలి. మా వైపు ఇళ్లకు రాయి కొదవ లేదు. గడ్డపార వేస్తే చాలు, నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది. కొదవ మంచి మట్టికే. అందువల్ల మా రెండిళ్ల నడిమి గోడ కట్టిన పెద్దలు రాళ్ల సందుల్లోకి ఊరి చివరి చౌటినేల మట్టిని తెచ్చి వాడారు. చౌటిమట్టిలో ఉప్పు ఉంటుంది. ఈ సంగతిని గోడ కట్టినవారు పట్టించుకోలేదు. గేదె పట్టించుకుంది. అంతకు ముందు అది చావిడి గోడ నాకింది, మేత వేసే గాడి అంచు నాకింది, ఆరవేసిన మా నాన్న చొక్కాను చెమట వాసనకు సగం దాకా నమిలింది. వాటన్నిటినీ మా నాన్న ఓర్చుకున్నాడు. అవి మావి. ఈ రాయి మాత్రం పరాయి ఇంట్లో పడింది.

"అక్కా, నువ్వు ఊరుకో. గోడ ఇయ్యాలే పూడుస్తా," అన్నాడు మా నాన్న. ఆ తర్వాత గేదె వైపు కాకుండా మా అమ్మ వైపు చూస్తూ, "దీన్ని శనివారం సంతకి తోలతా," అన్నాడు.

ఆ గేదె తల్లి మా అమ్మ కాపురానికి వచ్చినప్పుడు మాచర్ల అవతలి పుట్టింటి నుంచి ఆమె బండి వెనక నడిచి వచ్చింది. ఆ తల్లి చనిపోయాక మిగిలింది ఇదొక్కటే. మా అమ్మ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ పాలు చేపదు. ఆమె పుట్టింటికి వెళ్లిన రోజుల్లో మా నాన్న ఆమె పాతచీర భుజాన కప్పుకుని పితకబోయి, గేదె చేత తన్నించుకున్నాడు. పుట్టింటిది అని మా అమ్మ చెప్పుకోగలిగినది మా ఇంట్లో ఇంకేదీ లేదు.

మా అమ్మ నెమ్మదిగా అంది: "గోడ మళ్లీ కట్టుకోవచ్చయ్యా. దీన్నెక్కడ తెస్తావు?"

మా నాన్న మట్టి తొక్కడానికి వెళ్లాడు.

నేను ఆ ఏడే నరసరావుపేట కాలేజీలో బి.ఎస్సీ. పూర్తి చేశాను. మా వంశంలో డిగ్రీ చదివినవాళ్లు అంతకు ముందు లేరు. కాబట్టి ఇంట్లో ఏ సమస్య వచ్చినా నేను ఏదో ఒకటి తెలుసుకుని ఉండాలని అందరూ అనుకునేవారు. నేనూ అనుకునేవాణ్ణి. నేను పశువుల ఆసుపత్రికి వెళ్లి కాంపౌండరుగారిని అడిగాను. ఆయన గేదెను చూడకుండానే చెప్పాడు: "ఉప్పు చాలక నాకుతంది. కుడితిలో పిడికెడేస్తే సరిపోదు. పెద్ద ఉప్పురాయి తెచ్చి గాడి కాడ పెట్టండి. దానిష్టం వచ్చినంత అది నాక్కుంటది."

ఇంటికి వచ్చి, లవణాల లోపం వల్ల పశువులు గోడలు నాకుతాయని మా నాన్నకు వివరించాను.

"మూడేళ్లు చదివి నువ్వు చెప్పేది ఉప్పు చాల్లేదనా? మీ అమ్మ పప్పు సంగతి నేను రోజూ చెప్తన్నదీ అదేగా," అన్నాడు.

అయితే ఆయన అన్యాయస్థుడు కాదు. కంత పూడ్చి, దాని మీద పిడుగురాళ్ల సున్నం వేసి, షరతు చెప్పాడు: "ఈ సున్నం మీద నాలిక పడకుండా ఉంటే ఉంచుతా. పడిందా, శనివారం తెల్లారేసరికి సంత దారి పడతా."

మంగళవారం నేను నరసరావుపేట వెళ్లాను. బజారులో మూలికలు, వేర్లు, సాంబ్రాణి అమ్మే పాత కొట్టు ఒకటి ఉండేది. దాని యజమాని తెల్లగడ్డం సాయిబు. ఆయన కొట్టు వెనక నుంచి గోనెసంచిని నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చి విప్పాడు. లోపల ఒక బండ ఉంది. రెండు చేతులతో తప్ప ఎత్తలేనంత ఉంది. లేత గులాబీ రంగు. లోపల ఎర్రని చారలు. వెలుగుకు ఎదురుగా పెడితే అంచుల్లోంచి వెలుగు దాటుతున్నది.

"మావాళ్లు లాహోరీ నమక్ అంటారు బాబూ. మీ పంతుళ్లు సైంధవ లవణం అంటారు. గేదెకి ఏ పేరైనా ఒకటే," అన్నాడు.

"సముద్రపు ఉప్పేనా అండీ?"

"కాదు. కొండది. కొండ తవ్వి తీస్తారు."

నేను చేతులు చాచాను. ఆయన ఇవ్వలేదు. సంచిని బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ఉప్పు చేతికియ్యను బాబూ. రేపు నీకూ నాకూ మాటామాటా వస్తే ఎవరిది పూచీ? బల్ల మీదనుంచి తీసుకో."

మాకూ అదే ఆచారం ఉంది. ఉప్పు చేతి నుంచి చేతికి మారితే ఇద్దరికీ తగాదా వస్తుందని పిడికెడు ఉప్పును కూడా కింద పెట్టి తీసుకుంటాం. అయితే ఆ ఆచారాన్ని ఏర్పరచినవారు ఇంత పెద్ద ఉప్పును ఊహించి ఉండరు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి ఏమిటని అడిగితే ఉప్పు అని నిజం చెప్పాను. ఆయన కొంచెం జరిగాడు. దారిలో టైరు పంక్చరై చాలా ఆలస్యమైంది. మా ఊరి దగ్గర నేను దిగి, సంచిని అందించమని కండక్టర్ని అడిగాను. అతను పెద్దమనిషి వైపు చూశాడు. పెద్దమనిషి కిటికీలోంచి బయటికి చూశాడు. చివరకు కండక్టరు సంచిని మెట్టు మీద పెట్టి, "నువ్వే తీస్కో, నాకు నీతో తగాదాలెందుకు," అని విజిల్ వేశాడు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు.

దీపం పెట్టాక మా ఇళ్లలో ఉప్పు పేరు ఎత్తరు. ఎత్తితే ఇంటి లక్ష్మిని బయటికి పొమ్మన్నట్టేనట. కూరలో అవసరమైతే వేలు చూపిస్తారు. వసారాలో నిలబడి నేను సంచి విప్పి బండను పీట మీద పెట్టాను. మా అమ్మ లాంతరు దగ్గరగా తెచ్చింది. బండ లోపల ఎర్రగా వెలిగింది.

"ఏందిరా ఇది?"

"పొద్దున చెప్తానమ్మా," అన్నాను.

మా అమ్మకు అర్థమైంది. అర్థం కానిది అత్తకు. ఆమె గోడ ఎంతవరకు ఆరిందో చూడటానికి వచ్చి, లాంతరు ముందు వెలుగుతున్న బండను చూసి చెప్పులు విడిచింది.

"ఎక్కడిది అల్లుడూ?"

"నరసరావుపేట నుంచి తెచ్చానత్తా."

"కొండకాడిదా?"

మా వైపు కొండ అంటే కోటప్పకొండ. వేరే కొండ ఉన్నట్టు సాధారణంగా ఎవరూ ఒప్పుకోరు. అబద్ధం చెప్పకూడదు. ఉప్పు అనకూడదు. నేను బాగా ఆలోచించి, "కొండదే. కానీ ఆ కొండది కాదు," అన్నాను.

"కొండదే," అని అత్త నా మాటలో తనకు కావలసిన ముక్క తీసుకుని, బండను తాకి కళ్లకు అద్దుకుంది.

మర్నాడు బుధవారం ఏరువాక పున్నమి. ఎడ్లకూ నాగలికీ కాడికీ పసుపు రాసి బొట్టు పెట్టే రోజు. తెల్లవారుజామునే పసుపు కలిపిన పళ్లెం వాకిట్లో సిద్ధంగా ఉంది. మా అమ్మ ఎడ్ల కొమ్ములకు రాస్తూ ఉండగా, అత్త వచ్చి ఆ పళ్లెంలోదే తీసుకుని ఉప్పుబండకు రాసింది. కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. నేను లేచి వచ్చేసరికి హారతి కూడా అయిపోయింది.

సూర్యుడు వచ్చాడు కాబట్టి నేను మాట్లాడవచ్చు. "అత్తా, అది ఉప్పు. గేదెకు తెచ్చాను," అన్నాను.

అత్త ఏమాత్రం తొట్రుపడలేదు. "ఉప్పయితే? ఉప్పు లచ్చిందేవి కాదా? కొత్తింట్లోకి పోతే ముందు ఏం తీసకపోతారు? నువ్వు డిగ్రీ చదివావు గదా, చెప్పు."

"ఉప్పే," అన్నాను.

"మరింకేంది?"

నేను మా అమ్మ వైపు చూశాను. ఆమె చేతులకు పసుపు ఉంది. "బొట్టు పెట్టినాక గొడ్డుకెట్టా ఏస్తాంరా? ఎంగిలి చేయిస్తామా?" అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె కళ్లు చావిడి వైపు ఉన్నాయి. గేదె కొత్త సున్నాన్ని నాకుతున్నది.

ఒక ముక్క కొట్టి ఇద్దామన్నాను. ఆమె చెవులు మూసుకుంది. మళ్లీ వెళ్లి ఇంకొకటి తెస్తానన్నాను. "ఇంకోటి తెస్తే అది మాత్రం లచ్చిందేవి కాదా?" అంది. రసాయనశాస్త్రం దృష్టితో చూసినా రెండూ ఒకటే.

ఈ విధంగా గేదె కోసం తెచ్చిన ఉప్పు వసారాలో పూజలందుకుంటూ, గేదె చావిట్లో గోడ తింటూ రెండు రోజులు గడిచాయి. మా నాన్న పొద్దున్నే వచ్చి సున్నం మీది నాలుక చారలు చూసి, మళ్లీ సున్నం పూసేవాడు. శుక్రవారం మధ్యాహ్నం మబ్బు పట్టి చినుకులు పడ్డాయి. గాలిలో తేమ పెరిగింది. బండ మీద సన్నని నీటిచుక్కలు లేచి, కుంకుమను కలుపుకుని పీట మీదికి జారాయి.

"ఏమే వదినా! అమ్మోరికి చెమట పట్టిందే!" అని అత్త కేక వేసింది.

ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుందని నేను చెప్పాను. శ్రద్ధగా విన్నారు. అత్త విసనకర్ర తెచ్చి బండకు విసరసాగింది. వీధిలోని ఆడవాళ్లు వచ్చి వంతులు తీసుకున్నారు. గేదెను చూడటానికి ఎవరూ చావిట్లోకి వెళ్లలేదు.

ఆ సాయంత్రం మా నాన్న పొలం నుంచి వస్తూ కొత్త పలుపు తెచ్చి చావిడి గుంజకు తగిలించాడు. మా వైపు గొడ్డును అమ్మేవాళ్లు దాన్ని కట్టే పాత తాడును కొన్నవాడికి ఇవ్వరు. తాడుతో పాటు ఇంటి పాడి పోతుందని భయం. సంతకు కొత్త పలుపుతో తోలి, పాతది ఇంట్లోనే ఉంచుకుంటారు. కాబట్టి గుంజకు కొత్త పలుపు వేలాడుతున్నదంటే అడగవలసింది ఏమీ ఉండదు. మా అమ్మ పాలచెంబుతో వచ్చి దాన్ని చూసింది. చూసి, చెంబు కింద పెట్టి, గేదె గంగడోలు చాలాసేపు నిమిరింది. ఆ పూట గేదె పాలు కూడా ఆలస్యంగా చేపింది.

పితకడం అయ్యాక ఆమె నన్ను పిలిచి అడిగింది: "ఒరేయ్, వినాయకుణ్ణి నీళ్లలో కలిపేముందు పంతులు ఏం చేస్తాడు?"

"ఉద్వాసన చెబుతాడు. ఉత్తరానికి కొంచెం జరుపుతాడు."

"జరిపినాక?"

"దేవుడు వెళ్లిపోయినట్టు. ఇక అది మట్టే."

ఆమె వసారా వైపు చూసింది. అక్కడ బండకు విసనకర్ర ఆడుతూనే ఉంది. "ఇప్పుడు చేద్దామా?" అని నేనే అడిగాను.

"శుక్రవారం పూట లచ్చిందేవిని పొమ్మంటారా ఎవరన్నా? రేపు పొద్దున," అంది. రేపు పొద్దున మా నాన్న సంతకు బయలుదేరే వేళ. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు.

శనివారం తూర్పు తెల్లబడుతుండగా ఆమె తలస్నానం చేసి వచ్చింది. బెల్లంముక్క నైవేద్యం పెట్టింది. మంత్రాలు రావు కాబట్టి తనకు వచ్చిన మాటల్లో, "పున్నమికొచ్చావు, పూజ చేయించుకున్నావు, తప్పులుంటే మన్నించి పోయి రా తల్లీ," అంది. రెండు చేతులతో బండను పీట మీద ఉత్తరం వైపు జరిపింది. తర్వాత ఎత్తి నడుముకు ఆనించుకుని చావిడి వైపు నడిచింది.

అత్త అప్పటికే వాకిట్లో ఉంది. "వదినా! లచ్చిందేవిని గొడ్డుకి నాకిస్తావంటే?"

"ఉద్వాసన చెప్పా వదినా. ఇప్పుడది ఉప్పే."

"అయితే చెరువులో కలుపు. నిమజ్జనం నీళ్లలో చేస్తారు గానీ గేదె నోట్లో చేస్తారా?"

మా అమ్మ ఆగింది. బండను నడుము మీదికి ఎగదోసుకుంది. "చెరువులో ఏసినా కరిగేదే, దీని నోట్లో ఏసినా కరిగేదే. చెరువులో ఏస్తే ఊళ్లో గేదెలన్నీ తాగుతాయి, మాది సంతకి పోద్ది. ఇది గూడా లచ్చిందేవే వదినా. పాతికేళ్ల కిందట దీని తల్లి నా ఎనకమాల నడిచొచ్చింది. ఒక లచ్చిందేవి ఇంకో లచ్చిందేవిని నిలబెడితే నీకేంది నష్టం? నీ గోడ గూడా నిలబడిద్ది."

అత్త గేదెనూ బండనూ తన గోడనూ మార్చి మార్చి చూసింది. అంతసేపూ మా అమ్మ బండను మోస్తూ నిలబడింది. చేతులు చాచి పట్టుకోవడానికి ఎవరికీ వీల్లేదు. అది ఉప్పు.

చివరకు అత్త అంది: "కుంకం కడుగు ముందు. కడుపులోకి పోద్ది."

కడిగారు. అత్తే నీళ్లు పోసింది. బండను గాడి పక్కన దింపగానే గేదె ముందు వాసన చూసింది. తర్వాత నాలుక ఒకసారి ఆనించింది. తర్వాత కళ్లు సగం మూసుకుని నాకడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఇసుక కాగితంతో తలుపు రుద్దినట్టు ఉంది.

మా నాన్న తలపాగా చుట్టుకుని వచ్చాడు. పాత పలుపు విప్పి కొత్తది కట్టి లాగాడు. గేదె రాలేదు. తోక మెలిపెట్టాడు. రాలేదు. అరిచాడు. గేదె బండను రెండో వైపు నాకడానికి తల తిప్పింది, అంతే.

"బండ తియ్యవే," అన్నాడు మా అమ్మతో.

"నేను తియ్యను. నువ్వే తియ్యి."

ఆయన వంగి చూశాడు. తీసి కింద పెడితే గేదె అక్కడికే పోతుంది, ఎవరి చేతికైనా ఇద్దామంటే తగాదా. "సరే, నాకడం కానీ. అయినాక తోలకపోతా," అని గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించాడు.

చుట్ట అయిపోయింది. ఎండ చావిట్లోకి వచ్చింది. అత్త ఇంట్లో వార్తలు వచ్చి వెళ్లాయి. గేదె నాకుతూనే ఉంది. ఎండ ముదిరాక సంతలో బేరాలు ఉండవు. మా నాన్న లేచి, కొత్త పలుపు విప్పి గుంజకు తగిలించి, "వచ్చే శనివారం చూద్దాం," అని పొలానికి వెళ్లాడు.

ఆదివారం పొద్దున ఆయన అందరికంటే ముందు లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. నేను వెళ్లేసరికి సున్నం మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. సున్నం పొడిగా, తెల్లగా ఉంది. "నీ ఉప్పు పని చేసినట్టుందిరా," అన్నాడు. కొంచెం ఆగి, "మీ అమ్మతో చెప్పి పప్పులో గూడా ఏయించు," అన్నాడు.

ఆ తర్వాత మా గేదె గోడ నాకలేదు. మా నాన్న దాన్ని అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. కొత్త పలుపును బావి చేదకు వాడుకున్నాం. బండ అరిగిపోయిన ప్రతిసారీ నరసరావుపేట నుంచి ఇంకొకటి తెచ్చేవాణ్ణి. దాన్ని ఒక రాత్రి పీట మీద ఉంచి, పొద్దున ఉత్తరానికి జరిపి, అత్త నీళ్లు పోసి కడిగిన తర్వాతే గాడి దగ్గర పెట్టేవాళ్లం.